ఏడు చేపల కథకు టైంటేబుల్‌లో చోటేదీ?

ఏడు చేపల కథ వినని తెలుగు బాల్యం అరుదు. రాజుగారి ఏడుగురు కొడుకులు తెచ్చిన ఏడు చేపల్లో ఒకటి ఎండదు. ఎందుకని అడిగితే చేప గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద చెబుతుంది. అలా ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ పోతే చివరికి వ్యవహారం చీమ దగ్గర తేలుతుంది. నాలుగేళ్ళ పిల్లకు ఈ కథ రెండుసార్లు చెబితే మూడోసారి తనే అందుకుంటుంది. పొరపాటున ఆవును దాటేస్తే అస్సలు ఊరుకోదు.

దేని తర్వాత ఏది వస్తుందో గుర్తుపెట్టుకోవడం, దేనివల్ల ఏది జరిగిందో పట్టుకోవడం ఇందులో ఉన్నాయి. ఇదే పనిని ‘బొమ్మలకు వరుస నంబర్లు వేయండి’ అంటూ వర్క్‌బుక్కులో అచ్చేస్తే పెద్దవాళ్ళు చదువంటారు. నోటితో చెబితే మాత్రం కాలక్షేపం అంటారు. కథను పంచి ఆడిస్తే ఇంకా చిత్రం. ఒకరు ఆవు, ఒకరు అవ్వ, ఒకరు గడ్డిమోపు. పోటీ అంతా చీమ వేషానికే, కుట్టే హక్కు దానిదే మరి! తన వంతు వచ్చేదాకా ఆగడం, అవతలివాడి మాట చెవిన వేసుకోవడం ఆ పది నిమిషాల్లో ఎవరూ చెప్పకుండానే అలవాటవుతాయి.

కాళ్ళాగజ్జె ఆటా అంతే. పిల్లలు కాళ్ళు బారచాపి కూర్చుంటారు. పాటలో ఒక్కో దెబ్బకు ఒక్కో కాలు తాకుతూ పోతారు. పాట ఏ కాలి మీద ఆగితే అది ముడవాలి. ఒక అంకెకు ఒక వస్తువు అన్న లెక్క ముందు ఒంటికి తెలుస్తుంది, పలక మీదికి తర్వాత వస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. గుజరాత్‌లో వకీలు వృత్తి వదిలేసిన గిజుభాయి బధేకా 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టి, కథలూ పాటలూ నాటకాలతోనే చదువు నడిపారు. ‘మీసాలున్న అమ్మ’ అని ఆయనకు పేరు. ఆయన దగ్గర పనిచేసిన తారాబాయి మోదక్ ఆ పద్ధతిని మహారాష్ట్రలో బోర్డీ, కోస్బాడ్ ప్రాంతాల పేద పిల్లల వాకిళ్ళకు తీసుకెళ్ళారు. అంగన్‌వాడీ ఆలోచన అక్కడిదే. పసిపిల్లలకు అడ్మిషన్ పరీక్షలు, ఇంటర్వ్యూలు వద్దని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం ఆరేళ్ళలోపు వారికి పాఠ్యపుస్తకాల బరువు వద్దంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో బొమ్మలు, తోలుబొమ్మలు, కథల పుస్తకాలు నింపిన ‘జాదూయీ పిటారా’ అనే పెట్టెను కేంద్రం విడుదల చేసింది.

కాగితం మీద లోటేం లేదు. బడిలో మాత్రం నర్సరీ పిల్లవాడు ఇంకా నాలుగు గీతల నోట్సులో అక్షరాలు దిద్దుతూనే ఉన్నాడు. మూడేళ్ళప్పుడు మణికట్టు ఎముకలు పూర్తిగా గట్టిపడి ఉండవు. ఆ చేతికి ముందు కావలసింది మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం. యాన్యువల్ డే కోసం సినిమా పాటకు నెలరోజులు రిహార్సల్ చేయించి, అదే తమ ‘యాక్టివిటీ’ అని చూపించే బడులూ ఉన్నాయి. తప్పు స్టెప్పుకు తిట్లు పడే చోట అది ఆట ఎలా అవుతుంది?

ఇక అంగన్‌వాడీల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా కేంద్రాలున్నాయి. ఒక్క టీచరే గుడ్లు, పాలు లెక్కచూడాలి, గర్భిణుల వివరాలు రాయాలి, పిల్లల ఎత్తూ బరువూ కొలవాలి, అదంతా 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి. వేతనాల కోసం ఆంధ్రప్రదేశ్‌లో వీళ్ళు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేయాల్సి వచ్చింది. సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మనిషి చీమ గొంతుతో కథ చెప్పాలంటే ఎలా?

కాబట్టి ముందు ఇవ్వాల్సింది సమయం. రోజుకో గంట యాప్, రిజిస్టరు ముట్టుకోనక్కర్లేదని ఉత్తర్వు ఇస్తే ఖజానాకు పైసా ఖర్చు కాదు. రెండోది, విరిగిన బొమ్మకూ చిరిగిన పుస్తకానికీ టీచరు సంజాయిషీ చెప్పుకునే పద్ధతి పోవాలి. వాడితేనే కదా విరిగేది. మూడోది, బొమ్మల కోసం దూరం వెళ్ళనక్కర్లేదు. అంకుడు కర్ర మీద సహజ రంగుల లక్క పూసి ఏటికొప్పాకలో చేసే బొమ్మలను ప్రభుత్వాలే కొని కేంద్రాలకు పంపవచ్చు.

తల్లిదండ్రుల వంతూ ఉంది. జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్ళినప్పుడు ఫీజు, బస్సు, యూనిఫాం సంగతి ఎలాగూ అడుగుతారు. నర్సరీ టైంటేబుల్ కూడా ఒకసారి తెప్పించుకుని, అందులో కథకూ పాటకూ ఆటకూ రోజూ ఎంతసేపు ఇస్తున్నారో చూడండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఇంకో బడి వెతకండి.