చేతికి పని చెప్పండి

పక్షవాతం వచ్చిన పెద్దాయనకు ఇంటిల్లిపాదీ అన్నం కలిపి నోట్లో పెడతారు, చొక్కా తొడుగుతారు. ప్రేమే కానీ, ఆ చేతికి చేటు. వాడని చెయ్యిని మెదడు క్రమంగా మరిచిపోతుంది. అందుకే రోజువారీ పనులనే వైద్యంగా మలుస్తుంది ఆక్యుపేషనల్ థెరపీ. మనదేశంలో ఈ చదువు 1950లో కమలా నింబ్కర్ చొరవతో బొంబాయి కెఇఎం ఆసుపత్రిలో మొదలైంది. సిరిసిల్ల నేతన్నలెందరో బతుకుదెరువుకు వెళ్లిన ఊరే అది!

మరమగ్గం నడిపిన సిరిసిల్ల తాతకు తెగిన పోగు ముడివేయడం, కోరుట్ల, జగిత్యాలల్లో బీడీలు చుట్టిన అవ్వకు తునికాకు చుట్టడం... రబ్బరు బంతి నొక్కడం కంటే ఆ వేళ్లకు బాగా తెలిసిన పనులు. ఉత్త ఆకు చాలు, తంబాకు జోలికి పోవద్దు.

చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు అదే చివర. కంచం కింద తడిగుడ్డ పరిస్తే జారదు. చెంచా కాడకు గుడ్డ చుడితే పట్టు దొరుకుతుంది. లేపేటప్పుడు మాత్రం పడిపోయిన చెయ్యి పట్టి లాగకండి, భుజం దెబ్బతింటుంది. స్నానాల గదిలో ఎవరో ఒకరు తోడుండాలి.

గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పడితే పట్టనివ్వండి. పెళ్లికి వెళ్లాలా? అరగంట ముందే చొక్కా చేతికివ్వండి.