బిడ్డను ఎవరైనా అడిగారా?



పోయిన నెల శంషాబాద్ పక్క పల్లె నుండి ఒక తండ్రి తన బిడ్డను మా మందిరానికి తీసుకొచ్చాడు. రాత్రంతా ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపి నిద్ర లేకుండా వచ్చిన మనిషి. బిడ్డ పదో తరగతి. రాత్రిళ్ళు ఒళ్ళు కొయ్యబారుతుందట, పళ్ళు కొరుకుతుందట, గొంతు మారుతుందట. "గాలి సోకింది అయ్యగారూ, ఈ పుస్తకం చదివినకాడి నుంచే" అని ఒక పాత నవల నా ముందు పెట్టాడు. యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'. అప్పటికే ఇద్దరు సేవకులు చూశారు. ఒకాయన పుస్తకం కాల్చమన్నాడు. రెండో ఆయన బిడ్డకు మూడు రోజులు అన్నం పెట్టవద్దన్నాడు.

నా కోపం ఆ ఇద్దరి మీదే. నాలోనూ వాళ్ళు కొంత ఉన్నారు కాబట్టి మరీ కోపం.

కాల్చమన్న సహోదరుడు దాన్ని చదివాడా? 1980ల్లో ఆంధ్రభూమి వారపత్రిక సీరియల్‌గా తెలుగిళ్ళను వణికించిన కథ అది. నేనూ పాఠ్యపుస్తకం చాటున పెట్టుకొని చదివాను, రాత్రి బయటికి వెళ్ళడానికి అమ్మను లేపాను. తులసి అనే చిన్నపిల్ల మీద కాష్మోరాను ప్రయోగిస్తారు. ఎందుకు? డబ్బు కోసం. పెద్దవాళ్ళ ఆశకు పసిది నలిగిపోతుంది. సూదులు గుచ్చిన బొమ్మ అందరికీ గుర్తుంది, డబ్బు సంగతి ఎవరికీ గుర్తులేదు. కథలో పాపం పెద్దలది. మన మందిరాల్లో మాత్రం జుట్టు పట్టుకొని ఊపేది పిల్లనే.

నవల మీద నాకూ ఫిర్యాదు ఉంది. వైద్యుడి మాటనూ మాంత్రికుడి మాటనూ రెండు తట్టల్లో సమానంగా పెట్టి, తేల్చుకోమని పాఠకుడికి వదిలేస్తుంది. పెద్దలకు అది ఆటే. చీకట్లో ఒంటరిగా పడుకునే పిల్లకు ఆ తట్టలు సమానం కావు. రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆమె దేవుణ్ణి నమ్మరు, నేను ఆయన సేవకుణ్ణి. అయినా ఈ విషయంలో ఆమె పక్కనే నిలబడతాను. మంత్రాల నెపంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన తెలంగాణ పల్లెల నుండి ఇంకా వస్తున్నాయి మరి.

ఇక వాక్యానికి వద్దాం. మార్కు 9లో పళ్ళు కొరుకుతూ బిగుసుకుపోయే కుర్రవాణ్ణి తెచ్చినప్పుడు ప్రభువు వెంటనే దయ్యాన్ని గద్దించలేదు. ఇది ఎన్నాళ్ళ నుండి అని ముందు తండ్రిని అడిగాడు. మత్తయి 4లో దయ్యం పట్టినవారినీ చాంద్రరోగులనూ వేరువేరుగా లెక్కపెట్టారు. మరి మనం అందరినీ ఒకే గాటన ఎందుకు కడుతున్నాం? అన్నం మాన్పించమన్న సహోదరుడా, యాయీరు కూతురు లేచి నిలబడగానే ఆ పన్నెండేళ్ళ పిల్లకు తినడానికి పెట్టమన్నాడు ప్రభువు. ఉపవాసం ఉండాలనుకుంటే నువ్వు ఉండు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా దగ్గర స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. మన మందిరం కాదుగా అనకండి. గొలుసుకు మతం లేదు.

నేనూ ప్రభువులాగే అడిగాను, ఎన్నాళ్ళ నుండి అని. తండ్రి పుస్తకం పేరే మళ్ళీ చెప్పాడు. తల్లిని పక్కన కూర్చోబెట్టి బిడ్డను అడిగితే చాలాసేపు నేల చూసింది. "దసరాకు ముందు నుంచే అయ్యగారూ" అంది. పుస్తకం చేతికొచ్చింది సంక్రాంతి సెలవుల్లో. దసరాకు ముందు ఏం జరిగిందో తల్లి చెప్పింది. పది అయిపోగానే చదువు మాన్పించి మేనబావకు ఇచ్చేస్తామని ఇంట్లో మాట అనుకున్నారు.

ప్రార్థన చేశాను. తర్వాత ముగ్గురినీ ఎర్రగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఎర్రగడ్డ అనగానే తండ్రి ముఖం మాడిపోయింది, మన దగ్గర అది తిట్టు కదా. అంత దూరం పోలేనివారు 14416కు ఫోన్ చేయవచ్చు, అది టెలీ మానస్, ఉచితం.

పెళ్ళి మాట ఆగింది. పూర్తిగానా అంటే తండ్రి ఇంకా నోరు విప్పలేదు, ఆదివారం మళ్ళీ వాళ్ళింటికి వెళ్తున్నాను. పుస్తకం నా బీరువాలో ఉంది. చివరి యాభై పేజీలు మిగిలాయని బిడ్డ నిన్న ఫోన్‌లో అడిగింది.