అణా, పైసా, ఉప్పు

ఒకప్పుడు హైదరాబాదులో 7 హాలీ సిక్కాలిస్తే ఇంచుమించు 6 కల్దారు రూపాయలొచ్చేవి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలొచ్చాయి. అణా అంటే ఆరుంపావు పైసలు. పావు పైసా ఎవరు తెస్తారు? పట్టికలో ఆరే వేశారు. పదహారణాలూ విడివిడిగా మారిస్తే 96 పైసలే! నాలుగు పైసలు గాలిలో కలిశాయి. అయినా, పట్టికంటూ ఉంది గనుక చదువొచ్చినవాడు లెక్క అడగగలిగాడు.

మరి గుమ్మలక్ష్మీపురం కొండల్లో సవరలు, జాతాపులు చింతపండు పోసి ఉప్పు తెచ్చుకున్న రోజుల్లో ఆ మారకానికి పట్టికేదీ? ధర షావుకారుదే, తూకమూ ఆయనదే. పాత బాకీ ఉంటే ఇక నోరెత్తేదెలా? కొండసరుకు నేరుగా కొనడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది.

నన్నడిగితే, సంతకెళ్ళే ప్రతి బిడ్డకూ మొదట నేర్పవలసిన లెక్క ఒక్కటే: తన సరుకు తూకం తానే చూసుకోవడం.