ఇద్దరు పోలీసులే అయితే బాగుండు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 1969 మే 4న ఎయిర్ నదిలోంచి ఒక నల్లజాతి మనిషి శవాన్ని బయటికి తీశారు. నుదుటి మీద పెద్ద దెబ్బ ఉంది. అయినా అనుమానించాల్సిందేమీ లేదనుకుని, దిక్కులేనివాళ్ళను పూడ్చే గోతిలో ఇంకొందరితో కలిపి పూడ్చేశారు. ఆ మనిషి పేరు డేవిడ్ ఒలువాలే. లాగోస్‌లో పుట్టిన యొరుబా. 38 ఏళ్ళు.

అతని కథ తెలిసినవాళ్ళకు రెండు పేర్లు గుర్తుంటాయి: ఇన్‌స్పెక్టర్ ఎల్లర్కర్, సార్జంట్ కిచింగ్. ఇద్దరూ అతన్ని నెలల తరబడి వేటాడారు. కొట్టారు, మీద ఉచ్చపోశారు, రాత్రిపూట బండిలో ఎక్కించుకెళ్ళి ఊరిబయట వదిలేసి వచ్చారు. పాపం మొత్తం ఈ ఇద్దరి నెత్తినా రుద్దేస్తే అందరికీ సుఖం. లీడ్స్‌కే కాదు, ఇక్కడ కూర్చుని చదివి అయ్యో అనుకునే మనకు కూడా.

నిజానికి కథ ఆ ఇద్దరికన్నా చాలా ముందే మొదలైంది. 1949లో కుర్ర ఒలువాలే దొంగచాటుగా ఓడెక్కి హల్ రేవులో దిగాడు. అప్పటి చట్టం ప్రకారం నైజీరియావాళ్ళూ బ్రిటిష్ ప్రజలే. రావడం తప్పు కాదు, టికెట్ కొనకపోవడమే తప్పు. దానికి 28 రోజుల జైలు. చేతిలో దర్జీపని ఉంది, లీడ్స్ చూస్తే బట్టలు కుట్టే ఊరు. అక్కడ దొరికిన పనల్లా చేశాడు. షోకుగా తిరిగేవాడని స్నేహితులు ‘యాంకీ’ అని పిలిచేవారు.

1953లో ఏదో గొడవలో పోలీసులు పట్టుకున్నారు. లాఠీ దెబ్బ తలకు తగిలిందనీ, అప్పట్నుంచే మనిషి మారిపోయాడనీ తెలిసినవాళ్ళు చెప్పుకున్నారు. జైల్లో లేనివేవో కనిపిస్తున్నాయన్నాడు. మెన్‌స్టన్ పిచ్చాసుపత్రికి పంపారు. ఎన్నాళ్ళు? ఎనిమిదేళ్ళు! మత్తుమందులు, కరెంటు షాకులు ఇచ్చారంటారు. ఇరవైమూడేళ్ళవాడు లోపలికెళ్ళి ముప్పై దాటి బయటికొచ్చాడు. అక్కడ ఎవరూ పనిగట్టుకుని అతన్ని హింసించాలనుకుని ఉండరు. డాక్టరు తన పని చేశాడు, నర్సు తన పని చేసింది, గుమాస్తా ఫైలు పక్కన పెట్టాడు. నాకు మాత్రం ఆ సార్జంటు కన్నా ఈ గుమాస్తాను చూస్తేనే ఎక్కువ భయం. మనలాంటివాడు కదా.

తర్వాత ఉద్యోగం నిలవలేదు, ఇల్లు దొరకలేదు, కొట్ల గుమ్మాల్లో పడుకునేవాడు. ఆ ఇద్దరు పోలీసులు అతన్ని ఏం చేస్తున్నారో స్టేషన్లో చాలామందికి తెలుసు. అతని కేసు కాగితంలో జాతీయత అన్న గడిలో దేశం పేరుకు బదులు నల్లవాళ్ళను తిట్టే బూతుమాట రాశారు. ఆ కాగితం ఎన్ని చేతులు మారి ఉంటుందో, ఎవరికీ తప్పనిపించలేదు. చివరికి 1970లో ఒక కుర్ర పోలీసు క్యాడెట్, పెద్దల కబుర్లు చెవినపడి, నోరు విప్పాడు. అప్పుడు స్కాట్‌లాండ్ యార్డ్ కదిలింది. అతను నదిలో పడ్డాడనుకునే రాత్రి యూనిఫారాల్లోని పోలీసులు ఒక మనిషిని నది వైపు తరమడం చూశామన్న సాక్షులు కూడా దొరికారు. 1971 విచారణలో ఎల్లర్కర్, కిచింగ్‌లే చావుకు బాధ్యులన్న ఆరోపణను జడ్జి నిలవనివ్వలేదు. కొట్టినందుకు మాత్రం ఒకరికి మూడేళ్ళు, ఇంకొకరికి 27 నెలలు పడ్డాయి.

ఇక మన సంగతి. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలో, కాన్సస్‌లోని ఒలేథా ఊళ్ళో ఒక బారులో మన తెలుగువాడు కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం వదిలి పొమ్మంటూ ఒకడు కాల్చి చంపాడు. మేం ఇక్కడివాళ్ళమేనా అని అతని భార్య అడిగితే తెలుగునాట ఇంటింటా కంటతడి పెట్టారు. పెట్టాలి కూడా. నెల తిరిగిందో లేదో, మార్చి నెలాఖరున గ్రేటర్ నోయిడాలో ఒక కుర్రాడి చావుకు నైజీరియావాళ్ళే కారణమంటూ గుంపులు బయల్దేరి కంటపడ్డ ఆఫ్రికా విద్యార్థుల్ని కుర్చీలతో, కర్రలతో చితకబాదాయి. మనవాడికి కొవ్వొత్తులు వెలిగించిన మనం వీళ్ళకు అగ్గిపుల్ల కూడా గీయలేదు. ఢిల్లీ వైపు గొడవలే, మనకెందుకనుకున్నాం.

మనకెందుకు కాదు? హైదరాబాదులో ఉస్మానియాకు చదువుకోడానికి వచ్చే ఆఫ్రికావాళ్ళు ఎక్కువగా టోలీచౌకిలో పారామౌంట్ కాలనీ వైపే ఎందుకు ఉంటారు? మిగతా చోట్ల మనం ఇల్లివ్వం గనక. బోర్డు మీద ‘ఫ్యామిలీకి మాత్రమే’ అని రాస్తాం. పెళ్ళాంబిడ్డలతో లాగోస్ నుంచి వచ్చినవాడు గేటు దగ్గర నిలబడితే, ఆ ఫ్యామిలీ మన లెక్కలోకి రాదు. నీళ్ళ సమస్య అంటాం, మా అబ్బాయి అమెరికా నుంచి వస్తున్నాడు అంటాం. ఆ అబ్బాయికి డాలస్‌లో ఎవరో అద్దెకు ఇచ్చిన సంగతి ఆ నిమిషంలో గుర్తురాదు.

పత్రికలవాళ్ళం మేమేమీ తక్కువ తినలేదు. గంజాయి కేసులో గుంటూరువాడు దొరికితే ‘యువకుడి అరెస్టు’. అదే కేసులో లాగోస్‌వాడు దొరికితే హెడ్డింగులో దేశం పేరు. మొహాలకు ముసుగులేసి వరసగా నిలబెట్టిన ఫొటో, పోలీసులిచ్చిన నోటు ఉన్నదున్నట్టు. ఆ రోజుకు పేజీ నిండుతుంది. కేసు నిలబడిందా, బెయిలొచ్చిందా, నిర్దోషి అని వదిలేశారా, ఇంటికెళ్ళాడా, ఎదురుచూసే మనిషి ఎవరన్నా ఉన్నారా? అడిగేందుకు ఏ రిపోర్టరునూ పంపం. అలా అచ్చయిన ఒక్కొక్కడూ ఆ తర్వాత ఏమయ్యాడో మా పాత పేపర్లన్నీ తిరగేసినా దొరకదు.