ఉమ్మడి చెరువునకు మరామతు ఎవరిది?

కంప్యూటరుచేత పని చేయించుటకు మనుష్యుడు వ్రాయు ఆజ్ఞల సముదాయమే ప్రోగ్రాము. ఆ వ్రాత యెవరి సొత్తు, దానిని చదువుటకును దిద్దుటకును ఎవరికి హక్కు గలదు అను వివాదము అర్ధశతాబ్దముగా సాగుచున్నది. ఇది యంత్రకారుల కలహమని మన పట్టణవాసులు ఉపేక్షింపరాదు. బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, భూమి పత్రములు నేడీ వ్రాతలమీదనే నడచుచున్నవి.

ఆదిని ఈ విద్యలో దాపరికము తక్కువ. 1955లో అమెరికాలో ఐ.బి.ఎం. యంత్రములను వాడువారు ‘షేర్’ అను సంఘముగా నేర్పడి, తాము వ్రాసిన ప్రోగ్రాములను ఒండొరులకు ఇచ్చుకొనిరి. 1957లో జాన్ బేకస్ బృందము ఫోర్ట్రాన్ భాషను వెలువరింపగా, యంత్రసంకేతములతో కుస్తీపట్టినవారు గణితసూత్రములను బోలిన రీతిని వ్రాయగలిగిరి. 1969లో ఐ.బి.ఎం. సంస్థ ప్రోగ్రాములకు వేరుగా వెలకట్ట నిశ్చయించినది. 1976లో బిల్ గేట్సు బహిరంగలేఖ వ్రాసి, తమ బేసిక్ ప్రోగ్రామును వెల యియ్యక వాడువారు దొంగతనము చేయుచున్నారని ఆక్షేపించెను. శ్రమకు ప్రతిఫలము కోరుట అన్యాయము కాదు. కాని రానురాను వెలతోపాటు తలుపునకు తాళము గూడ పడెను. వెల యిచ్చి కొన్నవాడును లోని మూలవ్రాతను చదువరాదు. తప్పు కనబడినను దిద్దరాదు.

ఈ తాళమును తీయబూనినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1983లో ‘గ్నూ’ ఉద్యమమును ప్రకటించి, మరుసటి యేడు ఎం.ఐ.టి. లోని కొలువును విడిచెను. 1989లో వెలువడిన జనరల్ పబ్లిక్ లైసెన్సు న్యాయవాదులు మెచ్చదగిన యుక్తి. ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును; పంచువాడు మాత్రము పుచ్చుకొనువానికి ఆ హక్కులనే, మూలవ్రాతతో సహా, ఈయవలయును. ఆయన కాపీరైటు చట్టమును ధిక్కరింపలేదు. బంధించుటకు పుట్టిన చట్టమునే విముక్తికి సాధనముగా జేసెను. హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో ఆరంభించిన లినక్స్ మరుసటి యేడు ఈ లైసెన్సు క్రిందికి వచ్చెను. 2017 నవంబరు జాబితాలోని 500 మహాయంత్రములకు 500ను దానిమీదనే నడచినవి.

అయితే లైసెన్సు దొంగను ఆపునుగాని, పనివానికి కూడు పెట్టదు. 2014లో బయల్పడిన ‘హార్ట్‌బ్లీడ్’ లోపము లోకమంతయు నమ్మి వాడుకొన్న ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. లోనిది, దానిని పోషించువారు బహు కొద్దిమంది. ఎక్స్‌జెడ్ అను ప్రోగ్రామును చాలకాలము ఒక్క స్వచ్ఛందుడే జీతము లేక పోషించెను. అతడు అలసియుండగా మారుపేరుతో నొకడు సాయమునకు వచ్చినట్లు చేరి, రెండేండ్లకు పైగా నమ్మకము సంపాదించి, 2024లో అందు దొంగదారి నమర్చెను. యంత్రములోనికి ప్రవేశించుటకు అరసెకను ఆలస్యమగుచుండుట గమనించి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దానిని బయటపెట్టెను. లోకమును కాచినది ఆ యొక్కని శ్రద్ధ. ఏ ఏర్పాటును కాదు.

పూర్వము మన పల్లెలలో చెరువునీరు పారు రైతులెల్లరు పూడిక తీయుటకు మనిషిని పంపవలసియుండెను. దానినే కుడిమరామతు అనిరి. నీరు ఉచితమేగాని గట్టు ఉచితముగా నిలువదు. ‘ఊరక దొరకుదానికి వెల యేల?’ అనువారికి మా సమాధానమిదియే.

2015లో భారతప్రభుత్వము ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకు ప్రాధాన్యమిచ్చు విధానమును ప్రకటించినది. మేము హర్షింతుము. కాని వాడుకొనుట వేరు, పోషించుట వేరు. లైసెన్సు రుసుములలో మిగిలిన ధనమునందు కొంతభాగము ఆ ప్రోగ్రాముల మరామతునకే కేటాయింపవలయును. ప్రజల పన్నుతో వ్రాయించిన ప్రోగ్రాముల మూలవ్రాతను ప్రజలకు తెరువవలయును. మన కళాశాలలు విద్యార్థులచేత ఇట్టి వ్రాతలలోని లోపములను దిద్దించి, ఆ పనిని పరీక్షలో పరిగణింపవలయును. 2003 నుండి తెలుగు వికీపీడియా నడచుచున్నది ఇట్టి స్వేచ్ఛాసాఫ్టువేరుమీదనే. మన భాషయు ఈ చెరువునీరు త్రాగినదే. త్రాగినవారము పలుగు పార పట్టుటకు సిద్ధపడవలదా? ఈ ప్రశ్నకు ముందుగా బదులు చెప్పవలసినవి మన ప్రభుత్వములు, మన విశ్వవిద్యాలయములు.