ఈ ఎండను లెక్కకట్టండి

కర్నూలు, కడప సీమల్లో పదో తరగతి, ఇంటర్ చదువుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! "క్యూ ఈజ్ ఈక్వల్ టు ఎం ఎస్ డెల్టా టీ" అని మీరు ఎన్నిసార్లు వల్లెవేసి ఉంటారో! వస్తువు ద్రవ్యరాశిని దాని విశిష్టోష్ణంతో గుణించి, దాన్ని ఉష్ణోగ్రతలో వచ్చిన మార్పుతో గుణిస్తే అది ఎంత వేడి తీసుకుందో తెలుస్తుంది. రెండు గుణకారాలు, అంతే. పరీక్ష రాసిన మర్నాడే దాన్ని మరిచిపోతున్నారు. మరవకండి. ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ కాసే నేల మనది. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా వడదెబ్బకు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ లెక్క మనకు కాక ఇంకెవరికి కావాలి?

మొదట మనిషి లెక్క చూడండి. కరువు పనికి పోయే మీ అమ్మ బరువు 60 కిలోలు అనుకోండి. మనిషి ఒంటి విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి సుమారు 3.5 కిలోజౌళ్లు. అంటే ఒంటివేడి ఒక్క డిగ్రీ పెరగడానికి 210 కిలోజౌళ్లు చాలు. గడ్డపార పట్టి గట్టినేల తవ్వేటప్పుడు ఒంట్లో సెకనుకు సుమారు 350 జౌళ్ల వేడి పుడుతుంది. గంటకు 1,260 కిలోజౌళ్లు. ఆ వేడి బయటికి పోయే దారి లేకుంటే గంటలో ఆరు డిగ్రీలు పెరగాలి. 37 నుంచి 41 డిగ్రీలకు చేరడానికి 40 నిమిషాలు. 41 డిగ్రీలంటే వడదెబ్బే.

గాలి చల్లగా ఉన్నచోట ఆ వేడి గాలిలోకి పోతుంది. మన దగ్గర మిట్టమధ్యాహ్నం చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటే గాలి 44 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు గాలిలోని వేడే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 2,400 కిలోజౌళ్లు తీసుకుపోతుంది. పనిచేసే ఒంట్లో పుట్టిన వేడి పోవడానికే గంటకు అర లీటరు ఆవిరి కావాలి. పైనుంచి పడే ఎండ, చుట్టూ ఉన్న వడగాలి కలిపితే లీటరుకు దగ్గరవుతుంది. కారి నేల మీద పడిన చెమట ఈ లెక్కలోకి రాదు. ఆరిపోయిన చెమటే ఒంటిని కాపాడుతుంది. గంటకు లీటరు నీళ్లు తాగాల్సిన చోట, పొద్దున ఇంటినుంచి తెచ్చుకున్న ఒక్క సీసాతో మధ్యాహ్నం దాకా నెట్టుకొచ్చే ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ ఊళ్లోనే చూడండి. అది వాళ్ల ఓర్పు అని మెచ్చుకోవద్దు. ప్రాణం మీదికి తెచ్చే తప్పు అని గట్టిగా చెప్పండి.

మనిషి పడిపోతే ఏం చేయాలో కూడా ఈ సూత్రమే చెబుతుంది. 41 నుంచి 38కి దించాలంటే 630 కిలోజౌళ్లు తీసేయాలి. 28 డిగ్రీల నీళ్లు ఒంటిమీద పోస్తే, అవి 36 డిగ్రీల దాకా వేడెక్కి జారిపోతాయనుకున్నా, దాదాపు 19 లీటర్లు కావాలి. అదే ఒళ్లంతా తడిపి విసిరితే పావులీటరుకు కాస్త పైన నీళ్లు ఆవిరైతే చాలు. ఇది కాగితం మీది కనీస లెక్క, నిజంలో ఇంకా ఎక్కువే పడతాయి. కాబట్టి 108కు ఫోన్ చేసి ఊరుకోవద్దు. నీడకు చేర్చండి, తడపండి, విసరండి, బండి వచ్చేదాకా ఆపకండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం నీళ్లు పోయవద్దు.

ఇప్పుడు ఇల్లు. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గదికి ఐదంగుళాల సిమెంటు కప్పు వేస్తే దాని బరువు సుమారు 3,400 కిలోలు. కాంక్రీటు విశిష్టోష్ణం కిలోకు, డిగ్రీకి 0.88 కిలోజౌళ్లు. తెల్లవారుజామున 32 డిగ్రీలున్న కప్పు సాయంత్రానికి సగటున 47కు చేరితే అది మింగిన వేడి 45,000 కిలోజౌళ్లు. కరెంటు లెక్కలో పన్నెండున్నర యూనిట్లు! పొద్దు మునిగాక అందులో కొంత ఆకాశంలోకి పోతుంది, మిగతాది మంచం మీద పడుకున్న మీ మీదికి దిగుతుంది. ఫ్యాను వేసినా రాత్రి పదింటికి నిద్ర పట్టదంటే కారణం ఇదే.

మన పాత మట్టిమిద్దెల సంగతి ఏమిటి? మట్టికైనా, కడప బండకైనా, కాంక్రీటుకైనా కిలోకు విశిష్టోష్ణం ఇంచుమించు ఒకటే. తేడా బరువులో, మందంలో ఉంది. అడుగు మందం మట్టి పరిచి, పైన చవుడు కొట్టిన మిద్దెకు చదరపు మీటరుకు బరువు ఎక్కువ, అందులోంచి వేడి నడిచే వేగం తక్కువ. మధ్యాహ్నపు వేడి లోపలికి దిగేలోపు రాత్రి వచ్చేస్తుంది. అలాగని మళ్లీ మట్టిమిద్దెలు కట్టుకోమని నేను చెప్పను. ఏటా చవుడు వేయాలి, జడివానకు కారుతుంది, ముసురు పడితే కూలుతుందేమోనని భయం. వాటిని వదిలినవాళ్లది తప్పు కాదు. సిమెంటు కప్పు మీదే పని మొదలుపెట్టండి, దానికి తెల్లసున్నం కొట్టండి. మామూలు కప్పు తన మీద పడిన ఎండలో దాదాపు మూడింట రెండొంతులు తాగేస్తుంది, కొత్తగా కొట్టిన తెల్లసున్నం మూడోవంతు కూడా తాగదు. ఇలా ఎండను తిప్పికొట్టే కప్పుల కోసం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఎండలో మనమేం తక్కువ?

నీటి లెక్క ఇంకా గొప్పది. చెరువులోంచి కిలో నీళ్లు ఆవిరైతే 2,400 కిలోజౌళ్ల వేడి దాంతో పోతుంది. ఆ వేడే ఎండిన మట్టి మీద పడితే టన్ను మట్టిని మూడు డిగ్రీలు కాలుస్తుంది. చెరువు ఎండితే ఊరు కాలడానికి కారణం అది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం పేరు విన్నారా? 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించాడు. చెరువు కట్టడానికి ఏమేం ఉండాలో, ఏ దోషాలు ఉండకూడదో రాతిమీద చెక్కించారు. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క రాసిపెట్టారు. ఆ నేల బిడ్డలు లెక్కకు భయపడతారా?

ఈ లెక్కతో బతుకుతెరువు కూడా ఉంది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో కిల్న్ అనే పెద్ద బట్టీ 1,450 డిగ్రీల దాకా కాగుతుంది. బయటికి పోయే వేడి గాలితోనే సున్నపురాతి పొడిని ముందుగా 800 డిగ్రీల దగ్గరికి కాచే ఏర్పాటు లేకుంటే టన్ను పొడికి సుమారు 40 కిలోల బొగ్గు అదనంగా కాలాలి. ఈ వేడిని లెక్కకట్టగలిగినవాళ్లు అక్కడ కావాలి.

పెద్ద ప్రయోగశాల లేదని సాకు చెప్పకండి. 1760ల్లో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త మంచుగడ్డ ఉన్న గాజుబుడ్డి ఒకటి, మంచంత చల్లటి నీళ్లున్న బుడ్డి ఇంకొకటి ఒక హాల్లో వేలాడదీసి, థర్మామీటరు, గడియారం చూసుకుంటూ కూర్చుని గుప్తోష్ణం గుట్టు విప్పాడు. మీకూ అవి చాలు. ఈ వేసవిలో మీ వీధిలో ఒక సిమెంటు కప్పు, ఒక సున్నం కొట్టిన కప్పు, దొరికితే ఒక మట్టిమిద్దె ఎంచుకోండి. తెల్లవారి ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి వేడి కొలిచి నోటుబుక్కులో రాయండి. కరువు పని జరిగేచోట గాలి వేడి కూడా కొలవండి. పని ఎన్నింటికి మొదలుపెట్టాలి, ఎన్నింటికి ఆపాలి, మనిషికి ఎన్ని లీటర్ల నీళ్లు అక్కడ ఉండాలి అని మీ లెక్కలతో సహా రాసి గ్రామ సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంటు చేతికివ్వండి. ఒక్కరుగా పోవద్దు, తరగతి మొత్తం పోండి. ఎండలు ముదిరేదాకా ఆగకుండా మార్చిలోనే పోండి.