అర్ధాంజలి పాలు, మూడడుగుల నేల

శిశువు జన్మదినోత్సవానికి శాస్త్రం పెట్టిన పేరు వర్ధాపనం. కాశీనాథోపాధ్యాయుని ధర్మసింధువు ఆ విధిని సవిస్తరంగా చెబుతుంది. అభ్యంగన స్నానం, కొత్త వస్త్రం, కులదేవతా స్మరణ, మార్కండేయునికీ సప్త చిరంజీవులకూ పూజ, షష్ఠీదేవికి పెరుగన్నం నైవేద్యం. చివరకు నువ్వులు, బెల్లం కలిపిన పాలు త్రాగడం. ఆ పాల పరిమాణం కూడా నిర్ణీతమే: దోసిలిలో సగం. ఆయుర్వృద్ధిని కోరే క్రతువుకు శాస్త్రం అడిగిన ద్రవ్యం అంతటితో సరి. అవి దొరకని ఇల్లు ఆంధ్రదేశంలో అరుదు.

నూజివీడు మామిడి సీమలోని ముసునూరు వంటి గ్రామంలో ఈ అర్ధాంజలికి విశేషార్థం ఉంది. మామిడి తోటనే నమ్ముకొన్న గృహస్థుకు ఏడాదికి ఒక్కసారే సొమ్ము చేతికి వస్తుంది. పుష్యమాఘాలలో పూత, చైత్ర వైశాఖాలలో కాయ. పూత నిలిచేదీ రాలేదీ తేలకముందే ఎరువుకూ మందుకూ అప్పు తప్పదు. బిడ్డ ఏ ఆశ్వయుజంలోనో జన్మించి ఉంటే, ఆ తిథి వచ్చేసరికి గత పంట ధనం వ్యయమై ఉంటుంది, రాబోయే పంట ఇంకా చిగురులోనే ఉంటుంది. సరిగా ఆ సమయంలోనే వేదిక, విద్యుద్దీపాలు, అంతస్తుల కేకు, బెలూన్ల కమాను, వీధి మొగలో ఫ్లెక్సీ, వచ్చిన ప్రతి పిల్లవానికీ రిటర్న్ గిఫ్టు అవసరమవుతున్నాయి. తోటలలో కాయ కోసే కూలి కుటుంబాలలో ఈ భారం మరింత దుర్భరం. అక్కడ పుట్టినరోజు అప్పు తీరేలోగా మరొక పుట్టినరోజు వస్తుంది.

కొవ్వొత్తిని ఊది ఆర్పడం భారతీయమా కాదా అన్న చర్చ ఏటేటా జరుగుతూనే ఉంటుంది. దీపం వెలిగించి, దాని ప్రక్కనే అప్పు చేసిన గృహస్థుకు ఆ చర్చ వల్ల ఒరిగేదేమీ లేదు. విచారింపదగినది, ఆ ఆడంబరాన్ని కోరినది ఎవరన్నదే.

ముసునూరుకు సమీపాన, తమ్మిలేటి తీరంలో, శివరాత్రి తిరునాళ్ళకు ప్రసిద్ధి పొందిన బలివే ఉంది. ఆ నామానికి వ్యుత్పత్తి ఏదైనా కానీ, వినగానే బలిచక్రవర్తి స్ఫురించడం సహజం. సప్త చిరంజీవులలో బలి ఒకడు. వర్ధాపనంలో పూజ అందుకొనేవాడు. భాగవతం అష్టమస్కంధంలో అతని యజ్ఞవాటికకు వచ్చినవాడు బాలుడు, ఉపనయనం జరిగిన వటువు. అతడు అడిగినది మూడడుగుల నేల. చక్రవర్తికి అది చిన్నతనంగా తోచింది. తన అంతస్తుకు తగినట్లు ద్వీపాన్నే కోరుకొమ్మని నచ్చజెప్పాడు. మూడడుగులతో తృప్తి పొందనివాడికి ద్వీపం లభించినా తృప్తి కలుగదని ఆ బాలుడు బదులిచ్చాడు. అటుపిమ్మట ఆ మూడడుగులు ఎంతకు విస్తరించాయో లోకవిదితమే. ఇక్కడ ప్రస్తుతం ఆ యాచన మాత్రమే. అడిగే బాలునికి స్వల్పం చాలు, ఇచ్చే పెద్దవానికి స్వల్పం చాలదు. నేటి పుట్టినరోజు వేదికపై సాగుతున్నది ఈ ఘట్టమే. అయిదేండ్ల బిడ్డ కోరేది తోటిపిల్లలను, ఆటను, ఒక తీపి పదార్థాన్ని. కమానూ ఫ్లెక్సీ కోరేది తండ్రి అంతస్తు.

ఆ మూడు కోరికలూ ముసునూరులో ఏ ఋతువులోనైనా కొనకుండానే తీరుతాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం పిల్లలే గుచ్చగలరు. దారం, చీపురుపుల్లలు చాలు. కొబ్బరాకు చీల్చి బూర, గడియారం, కళ్ళజోడు చేయడం తాతలకు ఇంకా మరపునకు రాలేదు. ఉదయం ఒక గంట తాతను కూర్చోబెడితే, వచ్చిన ప్రతి శిశువుకూ చేతిలో ఒక వస్తువు ఉంటుంది. రిటర్న్ గిఫ్టు అన్న భావనకు ఇంతకంటె యోగ్యమైన రూపం కనబడదు. జనవరిలో పుట్టినవారికి రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిరేకులు, చిల్లర నాణేలు కలిపి తలపై పోసే భోగిపళ్ళ వేడుక సిద్ధంగానే ఉంది. బొమ్మల కొలువు ప్రక్కనే ఉంటే వేరే అలంకరణ అనవసరం. వేసవి శిశువు మరీ భాగ్యవంతుడు. ముంజలు తిన్న తరువాత మిగిలిన రెండు తాటికాయలను పుల్లతో కలిపి, పంగలకర్రతో నెట్టే ముంజబండి వానికి రథం. బండ్ల పందెమే ఆనాటి ప్రధాన కార్యక్రమం. నీళ్ళ గంగాళంలో చిన్నరసాలు వేసి పిల్లలను చుట్టూ కూర్చోబెడితే కేకు ఊసు ఎవరూ ఎత్తరు. చొక్కాలు మాత్రం ముందుగా విప్పించాలి. వర్షాకాలంలో అరుగు మీద చింతపిక్కలతో వామనగుంటలు, అష్టాచెమ్మ. తినడానికి మామిడితాండ్ర, సున్నుండలు, బెల్లం పొంగలి.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉంది. బడిలో తోటివారందరూ కేకు కోస్తూ ఉంటే, తన ఇంట తాటాకు బూర చూసి బిడ్డ చిన్నబుచ్చుకోడా? తప్పక చిన్నబుచ్చుకొంటాడు. ఆ దుఃఖాన్ని వేదాంత వాక్యాలతో కొట్టివేయడం క్రౌర్యం. పేదతల్లికి మితవ్యయం బోధించడం సులభం. ఆమెకు అది బోధ కాదు, నిత్యజీవితమే. అందుచేత ఈ మార్పు పేదయింట ఆరంభం కారాదు. శ్రేష్ఠుడు ఆచరించినదానినే లోకం అనువర్తిస్తుందని గీత మూడవ అధ్యాయం చెప్పినది ఇటువంటి సందర్భాలకే. ఇరవై ఎకరాల తోట గల గృహస్థు తన మనుమని పుట్టినరోజున కొబ్బరాకు బూరలు పంచితే, ఊరిలో అది లోపంగా కాక మర్యాదగా నిలుస్తుంది. ఆయన కేకు కోసినంత కాలం కూలివాడు అప్పు చేస్తూనే ఉంటాడు.

దానం విషయంలోనూ ఇదే నియమం. శ్రద్ధతో ఇవ్వు, సంపదకు అనుగుణంగా ఇవ్వు, సిగ్గుతో ఇవ్వు అని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి స్నాతకునికి ఉపదేశిస్తుంది. ఇచ్చేవాడు సిగ్గుపడాలన్న ఆ మాటను లోకం తలక్రిందులు చేసింది. బెలూన్ల కమాను క్రింద సిగ్గుపడుతున్నది బహుమతి తేలేక గుమ్మం వద్దనే ఆగిపోయిన పిల్లవాడు. పిలుపులోనే బహుమతులు వద్దని స్పష్టంగా చెప్పడం, పుట్టినరోజు బిడ్డ చేతితోనే మొదటి రసం పండు ఆ పిల్లవానికి ఇప్పించడం, ఖర్చు తగ్గించడం కంటె ముందు చేయవలసిన పనులు.

వర్ధాపన విధిలో ఆనాడు విడువవలసినవీ కొన్ని ఉన్నాయి; వాటిలో కలహం ఒకటి. అప్పు పుట్టిందా లేదా అని దంపతులు వాదించుకొన్న ఇంటిలో ఆ నియమం తెల్లవారకముందే భంగమవుతుంది. అటువంటి ఇంటిలో ఆ పూటకు నువ్వులు దంచి, బెల్లం కరిగించి, గోరువెచ్చని పాలలో కలిపి బిడ్డ దోసిలిలో సగం పోస్తే విధి పూర్తవుతుంది. సాయంకాలం పిల్లలు ఎలాగూ వస్తారు.